సంచి విప్పి చూపియ్యుండ్రి

మేనేజరు మహేశ్వర్ తన గది తలుపు దగ్గరికి వేసి, అద్దానికి ఉన్న తెర కూడా కిందికి దించాకే మాట్లాడటం మొదలుపెట్టాడు. ఉమారాణికి అక్కడే మనసులో ఏదో గుచ్చుకుంది. అప్పు మొత్తం కట్టేసి, నగ విడిపించుకుపోవడానికి వచ్చిన మనిషితో ఇంత చాటుగా చెప్పాల్సిన ముచ్చట ఏముంటుంది?

ఆమెది మొయినాబాద్ మండలం సురంగల్. భర్త జ్ఞానేశ్వర్‌తో కలిసి ఎకరంన్నరలో చామంతి, గులాబీ పెంచుతుంది. రెండేళ్ల కింద బోరు ఎండిపోయి కొత్తది వేయించాల్సి వచ్చినప్పుడు, పెళ్లిలో తల్లి పెట్టిన గుండ్లహారాన్ని తెచ్చి చేవెళ్లలోని ఈ బ్యాంకులో కుదువపెట్టింది. ఆ రోజు ఎవరూ తలుపులు మూయలేదు, తెరలు దించలేదు. బంగారం చూసే బాలరాజ్ అందరి ముందే హారాన్ని గీటురాయి మీద గీకి, "మంచి సొమ్మక్కా, పాతకాలం పని" అని మెచ్చుకున్నాడు. ఈ మేనేజరే దగ్గరుండి చాయ్ తెప్పించాడు. బంగారం మీద అప్పులు ఎక్కువ ఇచ్చినందుకు ఆయనకు పెద్ద ఆఫీసులో శాలువా కప్పిన ఫొటో ఇప్పటికీ వెనక గోడకు వేలాడుతోంది.

ఇప్పుడు ఆ ఫొటో కింద కూర్చుని, ఆయన బల్ల మీది గుడ్డసంచిని ఆమె వైపు జరిపాడు. సంచి మూతి అప్పటికే విప్పి ఉంది.

"మీ మంచి కోరి చెబుతున్నానమ్మా. ఈ హారం బంగారం కాదు. గిల్టు."

ఉమారాణి హారాన్ని చేతిలోకి తీసుకుంది. చూడటానికి తనదే. అవే గుండ్లు, మధ్యలో అదే పతకం. కానీ ఒక గుండు మీద ఎవరో గీరిన చోట పసుపు పోయి తెల్లగా కనబడుతోంది.

"పెట్టిన నాడు మీ బాలరాజే గదా సారూ చూసింది? మంచి సొమ్మన్నడు గదా?"

"అప్పుడు వాడూ మోసపోయాడు పాపం. మీవాళ్లు పూత అంత బాగా వేయించారు. మొన్న తనిఖీలో బయటపడింది."

మీవాళ్లు అన్న మాట ఆమెకు చెంప మీద కొట్టినట్టు తగిలింది.

"అప్పు కట్టేశారు కాబట్టి నేను ఇంతటితో వదిలేస్తున్నాను. కేసు పెడితే మీ పేరు పేపర్లో వస్తుంది. ఎదిగే ఆడపిల్ల ఉంది కదా మీకు? ఎవరితోనూ అనకండి. మేమూ అనం." ఆయన గొంతు మెత్తగా, దగ్గరి చుట్టం గొంతులా ఉంది.

"ఇదే ముచ్చట జర కాయితం మీద రాసియ్యుండ్రి. మా ఇంటోళ్లకు చూపించుకుంట."

"రాసిస్తే కేసు అవుతుందమ్మా," అన్నాడు మహేశ్వర్, లేచి నిలబడుతూ.

బస్సు ఎక్కి కూర్చున్నాక, సంచిని తన ముందు విప్పలేదన్న సంగతి ఆమెకు గుర్తొచ్చింది. పెట్టిన రోజున దాని మూతికి లక్క ముద్ర వేసి, తన చేత సంతకం పెట్టించారు. ఈ రోజు ఆ ముద్ర ఎక్కడ పోయింది? ఎవరు పగలగొట్టారు? తిరిగి వెళ్లి అడగాలనుకుంది. కానీ ఒళ్లో ఉన్న గిల్టు నగ ఆమెను లేవనివ్వలేదు. దాన్ని ఎవరైనా చూస్తారేమోనని కొంగు కింద దాచుకుంది. దొంగతనం చేసింది తానే అయినట్టు కూర్చుంది.

ఇంట్లో ఆ సాయంత్రం మొదలైన మంట అంత తొందరగా ఆరలేదు.

అత్త రుక్మిణమ్మ హారాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, పక్కన పెట్టేసింది. "మీ అవ్వగారు పెట్టిన నాడే గిట్లుండెనేమో. మనమేమన్న కొలిమిల ఏసి చూసినమా?" అంది. చచ్చిపోయిన తల్లిని అంత మాట అంటుంటే ఉమారాణికి కళ్లు మండాయి. కానీ జ్ఞానేశ్వర్ అన్న మాట అంతకంటే లోతుగా దిగింది.

"అవ్వ కాదు. బ్యాంకుల పెట్టేముందు నువ్వు కొండకల్ల మీ తమ్ముని ఇంటి పండుగకు ఏసుకపోలేదా? మర్చిపోయి అక్కడ్నే ఇడిసిపెట్టొస్తివి. వారం దినాలకు పోయి తెస్తిమి. ఆ ఎండాకాలమే మీ గణేష్ కారు కొన్నడు. రైలు డబ్బాల ఫ్యాక్టరీల కాంట్రాక్టు కూలికి పోయెటోనికి కారెట్ల వచ్చిందని అప్పుడే అడగాల్సింది."

"వాడు కిస్తీల మీద తీసుకున్నడు."

"నీకెట్ల ఎరుక? చూసినవా?"

ఆమె చూడలేదు. జ్ఞానేశ్వర్ అప్పటికే ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. గణేష్ మొదట నవ్వాడు, బావ పరాచికం ఆడుతున్నాడనుకుని. తర్వాత అర్థమై, "అక్క ఏమంటున్నది? ఒకసారి అక్కకియ్యి" అన్నాడు.

జ్ఞానేశ్వర్ ఫోన్ చాపాడు. ఉమారాణి ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ క్షణాన ఆమె కళ్ల ముందు తమ్ముడి ఎర్ర కారు మెదిలింది, ఫోన్ అందుకోలేదు. అవతల గణేష్ ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత ఆమె ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

అనుమానం తమ్ముడి దగ్గర ఆగి ఉన్నా బాగుండేది. పోయిన ఏడాది అప్పును తిరగరాయించడానికి జ్ఞానేశ్వర్ ఒక్కడే చేవెళ్ల వెళ్లాడు. కాగితాలు ఇంటికే తెచ్చి ఆమెతో సంతకం పెట్టించుకున్నాడు. బంగారాన్ని మళ్లీ తూకం వేశారని తనే చెప్పాడు. అంటే ఆ రోజు సంచి విప్పారా? ఎవరి ముందు విప్పారు? అదే నెలలో స్నేహితులతో కలిసి మొయినాబాద్ దగ్గర ప్లాటుకు అడ్వాన్సు ఇచ్చాడు. ఆ డబ్బు ఎక్కడిదంటే పూల పైసలు అన్నాడు. పూలు తెంపేదీ, మూటలు కట్టి మార్కెట్ బండికి ఎక్కించేదీ ఆమే. ఆ పైసలెంతో ఆమెకు తెలుసు.

భర్త స్నానానికి వెళ్లినప్పుడు ఫోన్ తీసి చూడటం నేర్చుకుంది. ఒకరోజు ఎరువుల కోసమని చెప్పి మొయినాబాద్ వెళ్లి, కుదువ కొట్టతనికి ఫోన్‌లో భర్త ఫొటో చూపించి, "ఈ మనిషెప్పుడన్న గుండ్లహారం పట్టుకొచ్చిండా?" అని అడిగింది. అతను ఫొటోను, ఆమె మెడలోని పుస్తెలతాడును చూసి, లేదన్నట్టు తల ఊపాడు. ఆ చూపులోని జాలికి ఆమె సిగ్గుతో కుంగిపోయింది. అతను చెప్పింది నిజమేనా, మొగవాళ్లూ మొగవాళ్లూ ఒకటయ్యారా అన్న ఆలోచన కూడా వెంటనే వచ్చింది. ఎంత నీచంగా తయారయ్యానని ఇంటిదాకా తనను తానే తిట్టుకుంది.

ఇంట్లో తనను కూడా ఎవరో కనిపెడుతున్నారని ఆమెకు తెలుస్తూనే ఉంది. చీరల పెట్టె సర్దిన తీరు మారి ఉండేది. కూతురు కావ్య బడి నుంచి రాగానే, తండ్రి గదిలోకి పిలిచి మెల్లగా ఏదో అడిగేవాడు. ఒకే ఇంట్లో ఉంటూ ముగ్గురు పెద్దవాళ్లు ఒకరి చేతులు ఒకరు చూసుకుంటూ తిరిగారు.

చివరికి ఆమె తెగించి మళ్లీ చేవెళ్ల వెళ్లింది. బాలరాజ్‌ను పట్టుకుని నిలదీయాలనుకుంది. అతని కుర్చీలో ఎవరూ లేరు. సెలవులో ఉన్నాడన్నారు. ఎప్పుడు వస్తాడో ఎవరూ చెప్పలేదు. అప్పుడే మేనేజరు గదికి తెర దిగి ఉండటం చూసింది. ఆమె బెంచీ మీద కూర్చుంది. కాసేపటికి తలుపు తెరుచుకుని, తలకు రుమాలు చుట్టుకున్న ఒక ముసలాయన బయటికి వచ్చాడు. చంకలో గుడ్డసంచి నొక్కి పట్టుకున్నాడు. ఎవరి మొహమూ చూడకుండా గోడ పక్కనుంచి నడిచిపోతున్నాడు. ఆ నడక ఉమారాణికి తెలుసు. అది తన నడకే.

ఆమె వెనకే బస్టాపు దాకా వెళ్లింది.

"పెద్దబాపూ, నీ సొమ్ము గూడ గిల్టన్నరా?"

ముసలాయన ఉలిక్కిపడ్డాడు. "ఏం సొమ్ము? పింఛను ముచ్చట మాట్లాడొస్తున్న. నువ్వెవరు? ఆ సారు పంపిండా నిన్ను? నేనెవ్వలికి చెప్పలేదని పోయి చెప్పు. నా నోట్లకెళ్లి ఒక్క మాట రాలే."

ఆ మాటతోనే ఆమెకు సగం తెలిసిపోయింది. "నన్నెవ్వలు పంపలేదు. నాకు గూడ గట్లనే తెర దించి చెప్పిండు. ఎవ్వలికి అనకు, ఇజ్జత్ పోతదన్నడు," అంటూ తన కథంతా చెప్పింది. తల్లి పెట్టిన హారం, తమ్ముడి కారు, ఆఖరికి కుదువ కొట్టు సంగతి కూడా. ఇంట్లోవాళ్లకు చెప్పుకోలేనిది ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పేసింది.

ఆయన పేరు కుర్మయ్య, ఊరు జన్వాడ. అంతా విన్నాక సంచిని ఒళ్లో పెట్టుకుని, దాని మీదే చూపు నిలిపి మాట్లాడాడు.

"నా ఇంటిదానివి రెండు కడియాలు. ముందుగాల ఒకటి గిల్టన్నడు, ఇయ్యాల రెండోది గూడ. నేను కోడలు తీసిందనుకున్న, బిడ్డా. సంకల పసిపోరి ఉన్నది దానికి. ఎల్లిపో అన్న. పుట్టింటికి ఎల్లగొట్టిన. నా కొడుకు నాతోటి మాట్లాడి రెండు నెలలైతున్నది." రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "అది తియ్యలేదా అయితే?"

ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఎదురుగా బ్యాంకు మెట్ల మీద జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు. వాళ్లలో ఎంతమంది కొంగుల కింద ఇలాంటి సంచులున్నాయో! అందరికీ ఒకే మాట చెప్పి పంపితే, ఎవరి సిగ్గుతో వాళ్లు ఇంట్లో కూర్చుంటే, ఈ తెర ఎన్నిసార్లు దించినా అడిగేవాళ్లు ఉండరు.

"రేపు సంత," అంది ఆమె. "నువ్వు జర మళ్లొస్తవా పెద్దబాపూ?"

మరునాడు బ్యాంకు నిండా జనం. కూరగాయలు అమ్ముకున్న రైతులు, పొదుపు సంఘం ఆడవాళ్లు, పింఛను ముసలివాళ్లు. ఉమారాణి వెళ్లి హాలు మధ్యలో నిలబడింది. సంచి మూతి విప్పి, మళ్లీ మూసింది. కుర్మయ్య పక్కకు వచ్చి, "చెప్పు బిడ్డా" అన్నాడు.

ఆమె గిల్టు హారాన్ని పైకెత్తింది.

"అన్నలారా, అక్కలారా! నేను ఈ బ్యాంకుల బంగారం పెట్టిన. వీళ్లు నాకు గిల్టు ఇచ్చిండ్రు. ఈ పెద్దబాపుకు గూడ గిల్టే ఇచ్చిండ్రు. మీరే మోసం జేసిండ్రని మమ్ములనే బెదిరించిండ్రు. ఈడ సొమ్ము పెట్టినోళ్లు ఎవలన్న ఉంటే, మా సంచి మా ముందల విప్పి చూపియ్యుండ్రని అడగుండ్రి. ఇంకేం వద్దు. విప్పి చూపియ్యుమనుండ్రి!"

కౌంటరు దగ్గర టోకెన్ పట్టుకుని నిలబడ్డ ఒకావిడ, "నాది నాలుగు తులాలున్నది లోపట" అంది, తనలో తాను అనుకున్నట్టు. వెనకనుంచి ఎవరో "నాది గూడ చూపియ్యుండ్రి" అని అరిచారు. ఇంతలో గోడకు ఆనుకుని కూర్చున్న ఒక నడివయసు మనిషి మెల్లగా లేచాడు. "నాకు గూడ గట్లనే చెప్పి పంపిండ్రు. నేను... ఇంట్ల గూడ చెప్పలే," అన్నాడు.

అంతే. ఫోన్లు మోగాయి, ఊళ్ల నుంచి ఆటోలు వచ్చాయి. మహేశ్వర్ బయటికి వచ్చి చేతులు ఊపుతూ, "పుకార్లు నమ్మకండి, మీ బంగారం భద్రం" అని అరిచాడు. భద్రమైతే చూపియ్యమన్నారు జనం. రూల్సు ఒప్పుకోవన్నాడు. గేటు వేయించబోతే, గేటు మధ్యలో ఆడవాళ్లు కూర్చున్నారు. మధ్యాహ్నానికి పోలీసులు, ఆ వెనకే హైదరాబాదు నుంచి బ్యాంకు పెద్దలు వచ్చారు. పోలీసులు ముందు ఉమారాణి పేరే రాసుకున్నారు, గొడవ లేపిందని. జ్ఞానేశ్వర్ బండి మీద ఉరికి వచ్చాడు. జనంలో ఆమెను వెతికి పట్టుకుని, పక్కన నిలబడ్డాడు.

సంచులు విప్పడం ఆ రోజు మొదలై వారమంతా సాగింది. చాలావరకు మంచి బంగారమే. నగ చేతికి తగలగానే కొందరు అక్కడే కళ్లకద్దుకుని ఏడ్చారు. కానీ ముప్పైకి పైగా ఇళ్ల సొమ్ము మాయమై, దాని స్థానంలో గిల్టు ఉంది. ఎక్కువగా ముసలివాళ్లవి, ఒంటరి ఆడవాళ్లవి, ఏళ్ల తరబడి విడిపించుకోలేనివాళ్లవి. అడగలేనివాళ్లనే ఏరుకున్నారు.

బాలరాజ్ జహీరాబాద్‌లో ఒక చుట్టాలింట్లో దొరికాడు. చేతులు కట్టి తీసుకెళ్తున్న అతని ఫొటో అన్ని ఫోన్లలో తిరిగింది. బ్యాంకు ఒక ప్రకటన ఇచ్చింది: కాంట్రాక్టు మీద పనిచేసే ఒక వ్యక్తి చేసిన మోసమని, బ్యాంకు కూడా బాధితురాలేనని.

విచారణకు వచ్చిన అధికారి సమత ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడింది. మర్యాద తెలిసిన మనిషి. ఉమారాణి చెప్పిందంతా టైపు చేసుకుంది.

"మేడం, ఒక మాట. సొమ్ము దాచే గదికి రెండు తాళాలంట. ఒకటి మేనేజరు సారు దగ్గర, ఒకటి క్యాషియరు దగ్గర ఉంటదంట. బాలరాజ్ దగ్గర ఏ తాళం లేదంట. మరి ఆ గది ఆనికెవలు తెరిసిచ్చిండ్రు?"

ఆ ప్రశ్న ఆమె ఒక్కదానిదే కాదు. బెంచీ మీద తన వంతు కోసం కూర్చున్నవాళ్లంతా అదే అడిగారు. సమత వేళ్లు కీబోర్డు మీద ఆగాయి.

"అది మా శాఖాపరమైన విషయమమ్మా. వేరే విచారణ జరుగుతోంది."

"మూడు నెలలకొకసారి పెద్దాఫీసోళ్లు వచ్చి సంచులు చూస్తరంట గదా. మరి వాళ్లు?"

"అది కూడా అందులోనే వస్తుంది."

ఆ విచారణ ఏమైందో చేవెళ్లలో ఎవరికీ తెలియలేదు. మహేశ్వర్‌ను బదిలీ చేశారు. కొన్నాళ్లకు పని మీద హైదరాబాదు వెళ్లిన సురంగల్ కుర్రాడొకడు, ఆయన ఏదో పెద్ద బ్రాంచిలో ఏసీ గదిలో కూర్చున్నాడని చూసి వచ్చి చెప్పాడు. సంచులు విప్పకుండానే అంతా సరిగ్గా ఉందని సంతకాలు చేసిన తనిఖీవాళ్ల పేర్లయితే అసలు బయటికే రాలేదు.

నష్టపోయినవాళ్లకు, సొమ్ము కుదువపెట్టిన నాటి ధర కట్టి ఇస్తామన్నారు. అప్పటికి బంగారం ధర రెట్టింపుకు దగ్గరైంది. ఇక మీదట ఎవరిపైనా ఫిర్యాదు చేయమని సంతకం పెట్టాలన్నారు. కొందరు పెట్టేశారు. కుర్మయ్య కూడా పెట్టాడు. "నా కోడలిని తెచ్చుకోవాలె బిడ్డా. ఇంక తిరిగే ఓపిక లేదు," అన్నాడు. ఉమారాణి ఆయనను తప్పుపట్టలేదు. తాను మాత్రం పెట్టలేదు. మరి కొందరితో కలిసి కోర్టు మెట్లెక్కి, వాయిదాల చుట్టూ తిరిగి, చివరికి నేటి ధర రాబట్టుకుంది. తాళం ఎవరు తెరిచారన్నది ఆ తీర్పులోనూ లేదు.

డబ్బు చేతికి వచ్చిన మరుసటి ఆదివారం భార్యాభర్తలు కొండకల్ బయల్దేరారు. శంకర్‌పల్లి దాటాక జ్ఞానేశ్వర్ బండి పక్కకు ఆపాడు. వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"నువ్వు నన్ను గూడ అనుమానించినవా?"

ఉమారాణి అబద్ధం చెప్పాలనుకుని, చెప్పలేకపోయింది. "మొయినాబాద్ల కుదువ కొట్టుకు పోయి నీ ఫొటో చూపించిన."

"నేను నీ చీరల పెట్టె ఎతికిన. నువ్వు మీ తమ్మునికిచ్చి నాటకమాడుతున్నవనుకున్న," అన్నాడు. తర్వాత బండి ముందుకు పోనిచ్చాడు.

గణేష్ ఇంటి ముందు ఎర్ర కారు లేదు. మరదలు శిరీష మంచినీళ్లు ఇచ్చింది గానీ కూర్చోమనలేదు. వాళ్లు వాకిట్లోనే నిలబడ్డారు. గణేష్ లోపలినుంచి వచ్చి గడప దగ్గరే ఆగాడు. మనిషి చిక్కిపోయాడు.

"తమ్మీ, తప్పయింది," అంది ఉమారాణి.

"నాదే ముందుగాల తప్పు," అన్నాడు జ్ఞానేశ్వర్, నేల చూస్తూ.

గణేష్ బావ వైపు చూడలేదు. "బ్యాంకోళ్లు దొంగలని తేలినంక వచ్చినవక్కా. తేలకపోతే?"

దారిపొడుగునా ఎన్నో మాటలు కూర్చుకుని వచ్చింది. ఇప్పుడు ఏదీ పనికిరాదనిపించింది.

"రాకపోదును," అంది. "నువ్వే తీసినవనుకుంట బతికేదాన్ని."

శిరీష చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గణేష్ ద్వారబంధం పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"కనీసం అబద్ధమాడలేదు," అన్నాడు ఆఖరికి. తర్వాత లోపలికి తిరిగి, భార్యతో, "ఎసట్ల బియ్యం ఇంకింత పొయ్యి," అన్నాడు. బావను మాత్రం ఆ రోజంతా పలకరించలేదు.